ఉత్త ‘క్యారీ ఆన్’

ఆ మధ్యాహ్నం డ్యూటీ ఎక్కి లాగ్‌బుక్ తెరిచినప్పటినుంచీ డిక్షనరీ అక్క కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. ఆఫీసు గదిలోంచి యంత్రం దగ్గరికి, యంత్రం దగ్గర్నుంచి మళ్లీ ఆఫీసు గదిలోకి. మధ్యలో ఉన్నది తడి నేల. రెండుసార్లు జారబోయి తమాయించుకుంది. ఇస్త్రీ రోలర్ల దగ్గర దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిగతా రోజుల్లో ఆమె కుర్చీలో కూర్చుని కళ్లతోనే అందరిచేతా పని చేయించే మనిషి.

అది బట్టలుతికే ఫ్యాక్టరీ. ఆసుపత్రులవీ హోటళ్లవీ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు మూటలు మూటలుగా ఒక తలుపులోంచి మురికిగా వచ్చి ఇంకో తలుపులోంచి తెల్లగా వెళ్తాయి. ఆ రెండు తలుపుల మధ్య ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది నీళ్లు పిండే యంత్రం. మనిషి నడుమెత్తు ఇనప డోలు, దాని లోపల చిల్లుల తొట్టి. ఉతికిన దుప్పట్లను ఆ తొట్టిలో చుట్టూ సమంగా సర్ది, మూత వేసి మీట నొక్కితే నిమిషానికి తొమ్మిదివందల చుట్లు తిరిగి నీళ్లన్నీ విసిరేస్తుంది. మొదట్లో కాస్త ఊగుతుంది, వేగం అందుకోగానే సర్దుకుంటుంది. ఆ రోజు సర్దుకోలేదు. పూర్తి వేగంలో కూడా లోపల ఎవరో పిడికిలితో గుద్దుతున్నట్టు ధన్, ధన్ అంటూనే ఉంది.

ఆ యంత్రం పక్కన మీట పట్టుకుని నిలబడేది ఆమె మరిది. ఆరు నెలల క్రితం ఆమే తీసుకొచ్చి పెట్టింది. ఈ నెలాఖరుకి పర్మనెంట్ కావాలి. “వాణ్ణి నీ చేతుల్లో పెడుతున్నానమ్మా, చిన్నప్పటినుంచీ దుడుకు వెధవ,” అని అత్తగారు అప్పగించింది. దుడుకంటే దుడుకే, కానీ పనిలో ఒళ్లు దాచుకోడు. వదిన మాట జవదాటడు. ఆ రెండో గుణమే ఆ రోజు ఆమెను భయపెట్టింది.

“ఏం రాశాడు వదినా పెద్దాయన?” అని సూపర్‌వైజర్ సంగతి అడిగాడు డ్యూటీ ఎక్కగానే. “ఇది పదకొండునుంచీ ఇలాగే ఏడుస్తోందట.”

“కానివ్వమన్నాడు.”

“అయితే కానిద్దాం,” అని మూత దించాడు. అంతే. ఇంకో మాట అడగలేదు.

ఆ యంత్రానికి విడిగా ఒక లాగ్‌బుక్ ఉంది. రోజుకో పేజీ. పై సగంలో పొద్దుటి షిఫ్టువాళ్లు యంత్రం ఎలా నడిచిందో రాస్తారు. రెండు గంటలకు ముందు సూపర్‌వైజర్ పెద్దాయన వచ్చి అది చదివి, పేజీ మధ్యలో మధ్యాహ్నం షిఫ్టుకి ఏం చెయ్యాలో రాసి సంతకం పెడతాడు. కింది సగం డిక్షనరీ అక్కది. రాతంతా ఇంగ్లీషులోనే ఉండాలి. ఏడాదికి రెండుసార్లు వచ్చే ఇన్స్యూరెన్స్ తనిఖీదారుకి వేరే భాష రాదు మరి. ఆయనకు రాని భాషలో పనిచేసేవాళ్లు మాత్రం ఆయనకు వచ్చిన భాష నేర్చుకోవాలి. లోకం తీరు అది.

ఆమె దాన్ని ఎలా నేర్చుకుందో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎందుకంటే తలా ఒక చెయ్యీ నొప్పి పెట్టింది. షిఫ్టు ఇన్‌ఛార్జి అయిన మొదటి వారం. పేజీ మధ్యలో ‘క్యారీ ఆన్’ అని ఉంది. అరచేతంత డిక్షనరీ తీసి చూసింది. క్యారీ అంటే మొయ్యడం. ఆన్ అంటే పైన. ఇంకేముంది, ఆరుగురిని పిలిచి తడి దుప్పట్ల మూటలు పద్నాలుగింటిని మేడమీదికి మోయించింది. పెద్దాయన మర్నాడొచ్చి మేడమెట్ల మీద నీటి ధారలు చూసి, సంగతి విని, గోడకు ఆనుకుని మరీ నవ్వాడు. ఆ రోజునుంచి ఆమె డిక్షనరీ అక్క. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

నవ్వడం అయ్యాక కూర్చోబెట్టి చెప్పాడాయన. “అమ్మాయ్, ఈ జంట మాటలున్నాయే, వీటిని విడదీసి అర్థం చూస్తే మొగుడూ పెళ్లాల్ని విడివిడిగా అడిగి కాపురం సంగతి తెలుసుకున్నట్టే. మాట దగ్గరే ఆగిపోకు. దానికి ముందేం రాసుంది, వెనకేం రాసుంది, ఎవరు రాశారు, ఏది చూసి రాశారు, అవన్నీ చూడు. అప్పుడు డిక్షనరీ లేకపోయినా అర్థమైపోతుంది.”

అలా నాలుగేళ్లలో చాలా నేర్చుకుంది. ‘బ్రోక్ డౌన్’ అంటే కింద ముక్కలు వెతకక్కర్లేదని, ‘లుక్ ఆఫ్టర్’ అంటే వెనక్కి తిరిగి చూడటం కాదని. ఆమె రాసిన కింది సగాన్ని పెద్దాయన రోజూ ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. పేజీ ఎర్రబడని రోజు లేదు. నాలుగేళ్లలో ఎరుపు తగ్గింది గానీ పోలేదు.

ఆ రోజు పేజీ పై సగంలో పొద్దుటి ఇన్‌ఛార్జి రాత ఉంది. రెండు కొట్టకముందే సంచీ భుజాన వేసుకునే మనిషి ఆయన. ‘ఎనిమిదినుంచి పదకొండుదాకా యంత్రం మామూలుగా నడిచింది. పదకొండునుంచి బాగా ఊగుతోంది. బోల్టులు బిగించాం. అయినా ఊగుతోంది.’ దాని కింద పెద్దాయన గుండ్రటి అక్షరాల్లో ‘క్యారీ ఆన్’. సంతకం.

అర్థంలో సందేహమేమీ లేదు. కానివ్వండి, నడపండి. ఇప్పుడు దానికి డిక్షనరీ అక్కర్లేదు. అయినా ఆమె మనసు ముల్లు మీద కూర్చున్నట్టే ఉంది.

మొదటి లోడు అయింది. ధన్, ధన్. నేలలోంచి పాదాల్లోకి ఎక్కుతోంది ఆ దెబ్బ. మరిది మాత్రం ఏదో పాట కూనిరాగం తీస్తూ పిండిన దుప్పట్లు తోపుడుబండిలోకి తీస్తున్నాడు.

“సమంగా సర్దుతున్నావా?”

“నీ ముందేగా సర్దాను. కావాలంటే కొలబద్ద తెచ్చుకో.”

“కాస్త దూరంగా నిలబడు.”

“దూరంగా నిలబడితే మీట ఎవరు పట్టుకుంటారు, మా అమ్మా?”

ఆమె గదిలోకి వెళ్లి పెద్దాయనకు ఫోను చేసింది. మోగలేదు, కట్టేసి ఉంది. ఆ రోజు ఆయనకు కంటి ఆపరేషను. మధ్యాహ్నం వెళ్తానన్నాడు, మరో నాలుగు రోజులు రాడు. ఈపాటికి బల్లమీద పడుకోబెట్టి ఉంటారు. పొద్దుటి ఇన్‌ఛార్జికి చేసింది. ఆయన బండి మీద ఉంటే ఫోను ఎత్తడు. బండి దిగాక నిద్రపోతాడు.

మేనేజరు గది తలుపు తట్టింది. ఆయన బల్లమీద ఆసుపత్రి ఆర్డరు కాగితాలున్నాయి. ఆరు గంటలకల్లా నాలుగువందల దుప్పట్లు వెళ్లాలి.

“సార్, పెద్ద యంత్రం ఆపేద్దాం. ఆ చప్పుడు బాగాలేదు.”

“పెద్దాయన చూశారా?”

“రాశారు. నడపమనే రాశారు.”

“మరింకేం? ముప్పై ఏళ్ల చెయ్యి ఆయనది. ఆయన చూసి నడపమన్నదాన్ని మీరు ఆపుతారా?” గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ ఇబ్బందిగా అనిపించింది. “చూడండి, మీ మరిది ఫైలు ఇదిగో, ఇక్కడే ఉంది. రాతలో ఉన్న ఆర్డరుకి ఎదురెళ్లి యంత్రం ఆపితే పైవాళ్లు అడుగుతారు. అప్పుడు మీ ఇద్దరి తరఫునా నేను మాట్లాడలేను.”

ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆపితే మరిది ఉద్యోగం పోతుంది. నడిపితే, ఏమో, ఏమీ కాకపోవచ్చు. లేదా ఆ ఇనప డోలు పక్కన నిలబడ్డ మనిషికి అయ్యేదేదో అవుతుంది. ఆ వాక్యాన్ని ఆమె మనసులో కూడా పూర్తి చెయ్యలేకపోయింది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మూడో లోడుకి వేళైంది.

మళ్లీ పుస్తకం ముందు కూర్చుంది. కూర్చుందనే గానీ మోకాలు ఊగుతూనే ఉంది. ఎవరు రాశారు? పెద్దాయన. అక్షరం ఆయనదే, సంతకం ఆయనదే. ఏది చూసి రాశారు? పైనున్నది చూసి. అయితే మరి ఇంత తక్కువ రాశాడేం?

వెనక పేజీలు తిప్పింది. ‘బెల్టు చూసి, క్యారీ ఆన్.’ ‘చల్లారనివ్వండి, తర్వాత క్యారీ ఆన్.’ ‘సగం లోడుతో క్యారీ ఆన్, రేపు ఫిట్టరుకి చెబుతాను.’ ఒకసారి గ్రీజు వాసన వస్తోందని రాస్తే నాలుగు వరుసలు రాశాడు. నలభై పేజీలు వెనక్కి వెళ్లింది. ఒక్క చోట కూడా ఉత్త ‘క్యారీ ఆన్’ లేదు. ఒళ్లు కాస్త గీసుకుపోయినా పక్కన మందు పేరు రాసే మనిషి, యంత్రం గుండెలు బాదుకుంటోందని రాస్తే రెండే మాటలు పడేసి పోతాడా?

ఆపరేషను కంగారేమోలే అనుకుంది. కళ్లు మసకేమోలే. మనసు ఒప్పుకోలేదు.

అవతల మూత పడిన చప్పుడైంది. మోటారు మూలుగు ఎత్తుకుంది.

అప్పుడు చూసిందామె, పొద్దుటి ఇన్‌ఛార్జి అక్షరాలని. ‘ఎనిమిదినుంచి’ అన్నది ఎప్పటిలాగే బెత్తెడు అక్షరాలతో దర్జాగా ఉంది. కిందికి వచ్చేకొద్దీ వరుసలు ఇరుకైపోయాయి. ‘బోల్టులు బిగించాం’ చీమలంత. ‘అయినా ఊగుతోంది’ అన్నదైతే ‘క్యారీ ఆన్’ నెత్తిమీదకొచ్చి చోటు లేక పక్క మార్జిన్‌లోకి ఒరిగిపోయింది. ముందే సీటు పట్టుకుని కూర్చున్నవాడి పక్కన సర్దుకుని నిలబడ్డట్టు ఉంది ఆ వరుస.

ముందే కూర్చుంది ‘క్యారీ ఆన్’. దాన్ని తప్పించుకుంటూ ఈయన రాశాడు.

ఆమె పేజీ తిప్పింది. రేపటి పేజీ. పైన తెలుపు, కింద తెలుపు, మధ్యలో గుండ్రటి అక్షరాల్లో ‘క్యారీ ఆన్’. సంతకం. ఎల్లుండి పేజీ, అదే. ఆ మర్నాడు, అదే. ఇంకా ఏమీ జరగని రోజులు, ఎవరూ తిప్పని యంత్రం, అన్నిటికీ నడపండి, నడపండి, నడపండి.

ఆయన ఈ ఊగడం చూడలేదు. ఆయన చూసింది తెల్ల కాగితం.

ఆమె పరిగెత్తింది. చెప్పులు తడినేల మీద జారాయి, చెప్పులు వదిలేసి పరిగెత్తింది. గోడమీది ఎర్ర బటన్ని అరచేత్తో కొట్టింది. మోటారు మూలుగు ఆగింది. కానీ ఆ తొట్టి అలా ఆగేది కాదు, విడిచిపెట్టాక కూడా రెండు నిమిషాలు తిరుగుతుంది. మరిది అలవాటు కొద్దీ బ్రేకు మీటకి చెయ్యి చాచాడు.

“ముట్టుకోకు! వదిలేసి ఇటు రా!”

“బ్రేకు వెయ్యకపోతే…”

“దానంతటదే చస్తుంది, నువ్వు రా!”

చొక్కా పట్టుకుని సిమెంటు స్తంభం వెనక్కి లాక్కుపోయింది. వదినా మరిదీ అక్కడ నిలబడి విన్నారు. ధన్, ధన్, ధన్. తర్వాత ధన్… ధన్. మధ్యలో ఒకసారి ఇనుము చిరిగినట్టు ఏదో కీచుమంది. ఇస్త్రీ రోలర్ల దగ్గర ఆడవాళ్లు చేతుల్లో దుప్పట్లతో అలాగే ఉండిపోయారు. ఆ రెండు నిమిషాలూ ఆమె అతని చొక్కా వదల్లేదు.

“ఏమైంది వదినా? పెద్దాయన నడపమన్నాడన్నావుగా?”

“నేను సగమే చదివాను,” అంది. “రెండు లోడ్లు నడిపించాను నీచేత. సగమే చదివి.”

మేనేజరు వచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని. ఆమె ఏమీ వాదించలేదు. పుస్తకం తెచ్చి రేపటి పేజీ చూపించింది, ఎల్లుండి పేజీ చూపించింది. ఆయన తనే ఇంకో రెండు పేజీలు తిప్పి చూసుకుని ఫిట్టరుని పిలిపించాడు. ఫిట్టరు మూత ఎత్తి, దుప్పట్లు తీసి, టార్చి వేసి తొట్టి లోపలికి వంగాడు. చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తాక జానెడు దూరం వేళ్లతో చూపించాడు. తొట్టి పై కమ్మీ అతుకు దగ్గర అంత పొడుగున చీలింది. మరిది నిలబడే వైపున మీట ఎత్తు ఎంత ఉంటుందో సరిగ్గా అంతే ఎత్తులో.

“ఇంకో లోడు పట్టేది కాదు,” అన్నాడు ఫిట్టరు.

మరిది అంతసేపూ జోకులేస్తూనే ఉన్నాడు. అది విన్నాక దుప్పట్ల మూటమీద కూర్చుని, మంచినీళ్లు కావాలన్నాడు.

ఆ సాయంత్రం పాత చిన్న యంత్రంలో పిండగలిగినన్ని పిండి, మిగతావి నలుగురేసి చేతులతో మెలిపెట్టి, ఆరీ ఆరనట్టే ఇస్త్రీ చేసి ఆసుపత్రికి పంపారు. డిక్షనరీ అక్క తన కింది సగంలో రాయాల్సింది రాసింది. ఆ పని అయ్యాక కూడా నెమ్మది లేదు. ఒక సంగతి ఆమెను తొలుస్తూనే ఉంది.

నిరుడు పెద్దాయన బంధువులెవరో పోతే రెండు రోజులు రాలేదు. సంతకం లేక యంత్రం ఆగింది. టెంపరరీ వాళ్లందరినీ ఇంటికి పంపేశారు. ఆయన తిరిగొచ్చాక ఈమే ఆయనమీద ఎగిరింది. “ముందే నాలుగు సంతకాలు పడేసి వెళ్తే మీ సొమ్మేం పోయింది సార్?” ఆయన కళ్లజోడు పైనుంచి చూశాడు. “జరగనిదాన్ని చదివి సంతకం పెట్టడానికి నేనేమన్నా జ్యోతిష్కుణ్ణా?” అన్నాడు. అయిపోయిందనుకుంది. ఆయన మర్చిపోలేదన్నమాట.

మర్నాడు పొద్దున్నే లాగ్‌బుక్ సంచీలో పెట్టుకుని ఆ ఆసుపత్రికే వెళ్లింది, పెద్దాయన ఉన్నదీ అక్కడే. యంత్రానికి సీలు వేశారు కాబట్టి పుస్తకానికి ఆ రోజు పని లేదు. అడిగితే వద్దంటారని ఎవర్నీ అడగలేదు.

పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఒక కంటికి కట్టు. రెండో కన్ను ఎప్పటినుంచో మసక. అడుగుల చప్పుడుకే తల తిప్పాడు.

“అమ్మాయేనా?”

“నేనే సార్. ఎలా ఉంది?”

ఆయన అరచెయ్యి దుప్పటిమీద అటూ ఇటూ ఆడించాడు. “రాత్రి మార్చారు దీన్ని. చేత్తో పిండిన దుప్పటి ఇది. అంచుల్లో తడి ఉండిపోయింది.” అంచు వేళ్లతో నలిపి చూశాడు. “పెద్ద యంత్రం ఆగిందా?”

ఆమె చెప్పింది. ఏమీ దాచలేదు. ఊగడం, రెండు లోడ్లు, ఇరుకు అక్షరాలు, చీలిక, అది ఏ ఎత్తులో ఉందో. ఆయన చెయ్యి దుప్పటిమీద కదలడం మానేసింది.

“ఆసుపత్రివాళ్లు పొద్దున్నే రమ్మన్నారు,” అన్నాడు. “ఎనిమిదికే వెళ్లిపోయాను. ఆడపిల్లలు పనిలేక ఇంటికి పోతారే అని… నువ్వు అన్నావు కదా అప్పుడు.”

“నేనే అన్నాను సార్. నాదే తప్పు.”

“అన్నది నువ్వు. రాసింది నేను.” కట్టు లేని కంట్లోంచి నీళ్లు చెవివైపు జారాయి. ఆపరేషను అయినవాళ్లు ఏడవకూడదని ఆయన తలగడ పక్కన చీటీ అంటించి ఉంది. “ముప్పై ఏళ్లు. చదవకుండా ఒక్కటీ పెట్టలేదు. వాడెలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నాడు. పొద్దున్న మా అత్తగారు పెట్టినవన్నీ తిన్నాడు.”

“పుస్తకం తెచ్చావా?”

“తెచ్చాను.”

“పెన్ను చేతికియ్యి. కనపడదు, నువ్వు పట్టుకో.”

ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పేజీమీద పెట్టింది. ఒక్కో ‘క్యారీ ఆన్’ మీదా అడ్డంగా గీత గీయించింది. నాలుగు పేజీలు, నాలుగు గీతలు. వంకరగా వచ్చాయి. ఐదోదానికి, నిన్నటి పేజీకి వచ్చేసరికి ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“అది ఉంచు. తనిఖీవాళ్లు చూడాలి. నేనేం చేశానో అది అలాగే ఉండాలి.”

“మీ ఉద్యోగం సార్…”

“ఉండాలన్నానా?” అన్నాడు, ఫ్యాక్టరీలో మాట్లాడే గొంతుతో. తర్వాత మెల్లగా అడిగాడు. “దాని కింద నువ్వేం రాశావ్? చదువు.”

ఆమెకు సిగ్గేసింది. నాలుగేళ్లుగా ఆయన ముందు ఇంగ్లీషు చదవాలంటే అదే సిగ్గు. అయినా చదివింది, ఒక్కో మాటా తడుముకుంటూ. “రెండు లోడ్లు నడిపాను. తర్వాత ముందు పేజీలూ వెనక పేజీలూ చదివాను. ఐ డిడ్ నాట్ క్యారీ ఆన్.”

ఆయన పెదాలు కదిపి ఆ చివరి వాక్యాన్ని తనలో తను మళ్లీ అనుకున్నాడు. ఆమె సంచీలో చెయ్యి పెట్టి ఎర్ర పెన్ను తీసింది, ఎప్పటిలాగే దిద్దుతాడేమోనని.

“లోపల పెట్టుకో అమ్మాయ్,” అన్నాడు. “దిద్దేదేం లేదు.”